దర్జీకి అంతుపట్టని కుట్లు

గుడ్డ మీద కుట్టు చూస్తే దాని మంచిచెడ్డలు ఇట్టే చెప్పేసే దర్జీకి, ఆపరేషనయిన భార్య పొట్ట మీది కుట్లు చూస్తే ఏమీ పాలుపోయేది కాదు. కట్టు మార్చే ముందు మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకునేవాడు. తుడుచుకున్న తువ్వాలు శుభ్రమైనదో కాదోనని అనుమానం వచ్చి మళ్లీ కడుక్కునేవాడు. చూడవచ్చిన వదినగారిని సైతం గుమ్మంలోనే ఆపి, "ముందు చేతులు కడుక్కోండి" అన్నాడు. ఆవిడ మూతి ముడుచుకుంది.

ఒకరోజు గాయం చుట్టూ ఎర్రబడి, వేడిగా తగిలింది. మానుతోందో చెడుతోందో తేల్చుకోలేక భార్యను ఆసుపత్రికి తీసుకెళ్లాడు. నర్సు ఒక కుట్టు విప్పగానే చీము వచ్చింది. "వెంటనే తీసుకొచ్చి మంచిపని చేశారు," అందామె. "అన్నిసార్లు కడుక్కున్నానే! ఎక్కడ తప్పు చేశానమ్మా?" అన్నాడు దర్జీ. "ఒక్కోసారి మన ఒంటి మీది క్రిములే లోపలికి పోతాయండీ. మీ తప్పేం లేదు." ఆ మాట అతని బుర్రకెక్కలేదు. పాపమంతా తన చేతులదే అన్నట్టు వాటిని వెనక్కి దాచుకున్నాడు. గాయం శుభ్రం చేశాక నర్సు, "రోజూ కట్టు మార్చాలి. ఇంటికి మనిషిని పంపమంటారా?" అని అడిగింది. "ఎందుకమ్మా? మా ఆయన ఉన్నారుగా," అంది భార్య. దర్జీ అయోమయంగా ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె అప్పటికే మంచం దిగడానికి అతని భుజం మీద చెయ్యి వేసింది.