దిష్టి రత్తమ్మ పిన్నిది కాదు

తెనాలిలో రైసుమిల్లు పక్కగా వెళ్తుంటే తాజా తవుడు వాసనకు ఎనభైల్లో మా రేపల్లె ఇంట్లో ఉన్న గేదె గుర్తొస్తుంది. దాని వెంటే పక్కింటి రత్తమ్మ పిన్నీ గుర్తొస్తుంది.

దూడ పోయాక ఆ గేదె తవుడు పెడితేనే పాలు చేపేది. అమ్మ ముందుగా తవుడు బకెట్ మీద టకటకా కొట్టేది. కొన్నాళ్లకు తవుడు కనబడకముందే, ఆ చప్పుడుకే చేపడం మొదలుపెట్టింది. పాలు చప్పుడు వల్లే వస్తాయనుకున్నాను నేను. వేసవి సెలవుల్లో మధ్యాహ్నాలు ఖాళీ బకెట్ వాయించేవాణ్ణి. గేదె ఆశగా తల తిప్పి చూసేది. రానురాను చూడడం మానేసింది. చివరికి అమ్మ కొట్టినా ఆ చప్పుడుకు చేపలేదు.

"విన్నారా అత్తయ్యా, మొన్న రత్తమ్మ ఏమందో! 'నీ గేదె పొదుగు చూస్తేనే కడుపు నిండిపోద్దక్కా' అంది. నిండింది!" అని నాయనమ్మతో అంటూ అమ్మ గేదెకు ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసింది.

గోడవతల పిన్ని గిన్నెలు తోముతున్న చప్పుడు ఆగిపోయింది. ఉన్న చప్పుడంతా నేనే వాడేశానేమోనని భయపడి నోరు విప్పలేదు.

బాపట్లలో టీచర్ ట్రైనింగ్‌లో సైకాలజీ సారు చెప్పాక అర్థమైంది. చప్పుడు వెనక తిండి వస్తే జీవి ఆ చప్పుడును నమ్ముతుంది; ఎన్నిసార్లయినా రాకపోతే నమ్మడం మానేస్తుంది. సెలవులకు రాగానే అమ్మకు అంతా చెప్పాను.

అమ్మ గోడ దగ్గరికెళ్లి, "రత్తమ్మా, కాఫీ తాగుదువు రావే" అని పిలిచింది.

పిన్ని వచ్చింది. గేదెను అమ్మేసి అప్పటికి ఏళ్లయింది. అయినా ఖాళీ పాక దాటేటప్పుడు కళ్లకు కొంగు అడ్డం పెట్టుకునే వచ్చింది.