చున్నీ ముడిలో శంఖం

అప్పటికి మా పాపకి అయిదేళ్ళు. మారతహళ్ళిలో మా అపార్ట్‌మెంట్ వాళ్ళమంతా కలిసి గోకర్ణ వెళ్ళాం. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు రాళ్ళ మధ్య మిగిలే నీటిగుంటల్లో జీవాలను చూపించడానికి బెంగళూరు తెలుగాయన ఒకరు మాతో వచ్చారు.

“రాయి ఎత్తితే మళ్ళా అట్లే పెట్టల్లప్పా. ఖాళీ గవ్వని జేబులో ఏసుకోవద్దండి. దాంట్లో ఎవురైనా కాపురం ఉండొచ్చు,” అన్నారాయన.

“ముట్టుకోకు, జారతావు, కుడుతుంది” అంటూ నేను పాప చెయ్యి వదల్లేదు. ఇంతలో ఒక గుంటలో వేలెడంత శంఖం కనిపించింది. దేవుడి గూట్లోకి బాగుంటుందని, ఎవరూ చూడకుండా చున్నీ చివర ముడేసి నడుముకి చుట్టుకున్నాను.

కాసేపటికి నడుము దగ్గర ఏదో గట్టిగా గిల్లింది. “బాబోయ్, పాము!” అని నేను పెట్టిన కేకకి అందరూ పరుగెత్తుకొచ్చారు. మావారు ముడి విప్పితే శంఖంలోంచి బుల్లి పీత కాళ్ళు బయటికొచ్చాయి.

“ఇంటోళ్ళు ఇంట్లోనే ఉండారు కదమ్మా!” అన్నారాయన. అందరూ ఒకటే నవ్వు. పాప మాత్రం నవ్వలేదు. పీత లోపలికి ముడుచుకుని కదలడం మానేసింది. “చచ్చిపోయిందా అమ్మా?” అని ఏడుపు మొదలెట్టింది.

తీసిన గుంటలోనే దాన్ని దించి, నేనూ పాపా పక్కనే కూర్చున్నాం. ఎంతసేపటికో పీత ఒక్కో కాలూ బయటపెట్టి, గబగబా రాయి కిందికి దూరింది.

“దానికి సారీ చెప్పమ్మా,” అంది పాప. అందరి ముందూ చెప్పాను.

జాగ్రత్తలు పిల్లలకే అనుకునేదాన్ని. ఆ సాయంత్రం నా బ్యాగంతా వెతికాకే పాప నన్ను బస్సెక్కనిచ్చింది.