ఉగ్గుగిన్నెలో విషం

మా ఆయన సాస్తి ఊరి బొగ్గుగనిలో పనిచేసేటప్పుడు నెలనెలా మద్రాసు నుంచి వచ్చే పిల్లల పత్రిక తెచ్చేవాడు. అందులో మెల్లకన్ను ముసలమ్మ బొమ్మల కథ వచ్చేది. వైద్యులంతా వదిలేసిన రాజుగారి బిడ్డను ఆమె చాచిన కాళ్ల మీద పడుకోబెట్టుకుని, ఉగ్గుగిన్నెతో మందు పోసి బతికిస్తుంది. నాకూ ఒక కన్ను మెల్ల. నాదీ బాలింతల ఇళ్లలో పసిపిల్లలకు నీళ్లు పోసే పనే. ఆయన చదువుతూ నా వైపు చూసి నవ్వేవాడు. కూడబలుక్కుంటే తప్ప నాకు అక్షరాలు రావు. ఆయన చదివితేనే కథ. వాడకట్టు పిల్లలు నన్ను ఆ పేరుతోనే పిలిచేవారు, నేనూ పలికేదాన్ని.

గనిలో పైకప్పు కూలి ఆయన పోయాడు. ఆ తర్వాత మా తాలూకాను హైదరాబాదు రాష్ట్రం నుంచి తీసి బొంబాయి రాష్ట్రంలో కలిపారు. బడిలో తెలుగు పంతులు పోయి మరాఠీ గురూజీ వచ్చాడు. మా వాడకట్టు పిల్లలు మాట్లాడేది తెలుగే, తెలుగు పుస్తకం ఇస్తే మాత్రం బొమ్మలు చూసి మూసేసేవారు.

అప్పుడు పత్రికలోని ఆ ముసలమ్మ కథను సినిమా తీశారు. హిందీ మాటలు పెట్టి చాందా పట్నానికి తెచ్చారు. వాడకట్టంతా బండ్లు కట్టుకుని నది దాటి పోయింది. నన్ను నేను చూసుకుందామని నేనూ పోయాను. తెర మీద అదే మెల్లకన్ను, కాళ్ల మీద అదే బిడ్డ, చేతిలో అదే గిన్నె. గిన్నెలో మాత్రం విషం. చివర ఆమెను మంటల్లోకి తోస్తే జనం ఈలలు వేశారు. మావాళ్లూ వేశారు. వేశాక నా వైపు చూసి నోళ్లు మూసుకున్నారు.

వారం తిరగలేదు. పక్కింటి కోడలికి పురుడు పోసింది నేనే. ఆమె పాప మీద నన్ను చెయ్యి వేయనీయలేదు.

"రేపటి సంది రాకు అత్తా. మా అమ్మ నీళ్లు పోస్తదట."

పత్రిక తెచ్చి బొమ్మ చూపించాను. ఇది మందు, కింద రాసి ఉంది అన్నాను. ఆమె మొగుడికి ఉర్దూ, మరాఠీ వచ్చు, తెలుగు అక్షరం రాదు. చాలాసేపు బొమ్మనే చూశాడు.

"కన్ను గదే, గిన్నె గదే. గంత ఖర్చు పెట్టి అబద్ధం తీస్తరా పెద్దమ్మా? మందని ఉంటే నువ్వే సదువు."

వేలు పెట్టాను. మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయాను. వాళ్లు నవ్వారు. నెల లోపల ఒక్క ఇల్లూ మిగల్లేదు. లారీల నుంచి రాలిన బొగ్గు ఏరుకుని బతికాను.

వానాకాలంలో ఆ పాపకు కడుపు ఉబ్బింది, పాలు పట్టడం లేదు. అలాంటి కడుపులు ఆముదం రాసి ఎన్ని నయం చేశానో. ఆ తల్లి తడుస్తూ వచ్చి నా గడపలో కూర్చుంది. తప్పయింది, ఒక్కసారి చూడమంది.

"పుస్తకంల ముసల్ది నా మొగనితోనే పోయింది. సినిమాల దాన్ని నీ పొల్ల కాడికి ఎందుకు తోల్కపోతవ్?" అని తలుపు వేసుకున్నాను.

గోడ అవతల పాప ఏడుస్తూనే ఉంది. నేను బియ్యంలో రాళ్లు ఏరుతూ కూర్చున్నాను. బండి కట్టి రాజూరా దవాఖానకు తీసుకుపోతుంటే చక్రాల చప్పుడు విన్నాను. ఆ పాప చచ్చిపోవాలనే అనుకున్నాను, అబద్ధం చెప్పను.

మూడో రోజు తిరిగొచ్చారు. పాప బతికింది. బావి దగ్గర ఆ తల్లి నాకు వినపడేలాగే నలుగురితో చెప్పింది.

"మెల్లకన్నుది చెయ్యి పెట్టలే. గందుకే బతికింది."