జవాను కనిపిస్తే ఆగిపోయే మా బావ

మా బావ ఇగ్నాతిస్‌కి పరుగెత్తడం వచ్చు. చిక్కల్లా ఒక్కటే, దారిలో జవాను కనిపిస్తే ఆగకుండా ఉండలేడు. యూనిఫాం కంటపడిందా, కాళ్ళకు బ్రేకు పడిందన్నమాటే. ఆగి, టోపీ తీసి గుండెకు ఆనించుకుని, "రాత్రి హాయిగా నిద్రపోయాను నాయనా, నువ్వు మేలుకుని ఉన్నావు కాబట్టి," అంటాడు. ఆపైన ఆ కుర్రాడి చెవి దగ్గరకు వంగి ఏదో గుసగుసలాడతాడు. అది అయితేగానీ కదలడు.

ఈ అలవాటు ఇంకో ఊళ్ళో అయితే ముద్దుగానే ఉండేది. మాది సరిహద్దు దీవి. రేవులో నిలబడితే అవతలి ఒడ్డున టర్కీ వాళ్ళ ఊళ్ళు కనిపిస్తాయి. అందుకని ఇక్కడ మేకల తర్వాత ఎక్కువమంది జవాన్లే. ఏథెన్సు నుంచి, ఉత్తరాది కొండల నుంచి మీసం సరిగా మొలవని కుర్రాళ్ళను ఓడలో తెచ్చి మా గుట్టల మీద దించుతారు. వాళ్ళు తమ వంతు సైనిక సేవ ముగించుకుని పోతే ఇంకో ఓడెడు దిగుతారు. అలాంటి ఊళ్ళో మా బావ పొద్దున్నే రొట్టెకు వెళితే అది మధ్యాహ్నం భోజనానికి కూడా అందేది కాదు.

ఒకసారి పొగమంచులో పొలం గట్టున ఆగి, ఎవరో పాత సైనిక చొక్కా తొడిగిన దిష్టిబొమ్మకు కృతజ్ఞతలు చెప్పాడు. బదులు రాకపోతే, "పాపం, బాగా అలిసిపోయినట్టున్నాడు," అని ఇంటికొచ్చి బాధపడ్డాడు.

"పెళ్ళయిన దగ్గర్నుంచి నాకు మాత్రం ఒక్క థాంక్స్ చెప్పలేదు," అనేది మా అక్క పెలాగియా.

"నువ్వేమన్నా తుపాకీ పట్టుకుని నిలబడ్డావా?"

"పట్టుకోవాల్సిన రోజులు చాలానే వచ్చాయి. నేనే తమాయించుకున్నాను."

"ఉత్తరాన మంచులో నేనూ కాపలా కాశానే," అనేవాడు బావ. "ఒక్క మనిషి ఆ దారిన పోలేదు. గొర్రె కూడా పోలేదు." అంతటితో మాట మార్చేసేవాడు. ఏంటి ఆ గుసగుసలు అంటే, "మగాళ్ళ మాటలు," అనేవాడు.

ఇలాంటి మనిషికి ఒక కోరిక పుట్టింది. మా దీవిలో ఏటా అక్టోబరులో ఒక పరుగు పెడతారు. రేవులో బయలుదేరి, కొండ చుట్టి, మళ్ళీ రేవుకే రావాలి. అందరి వెనకా మున్సిపాలిటీ చెత్త లారీ ఒకే వేగంతో వస్తుంది. అది ఎవర్ని దాటితే వాళ్ళు నోరు మూసుకుని అందులో ఎక్కాలి. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, సొంత కాళ్ళ మీద రేవు చేరాలన్నది బావ కోరిక. ఏటేటా లారీలోనే వచ్చేవాడు. డ్రైవరు వ్లాసిస్ పక్కన, చేతిలో మంచినీళ్ళ సీసా, పొడి చొక్కా పట్టుకుని ఏటేటా నేనూ కూర్చునేదాన్ని. చొక్కా మార్చుకుంటూ బావ లారీ కిటికీలోంచి కూడా జవాన్లకు టోపీ తీసేవాడు.

చివరికి డాక్టరు తేల్చి చెప్పాడు. "ఈ మోకాలితో ఇంకొక్క పరుగు. ఆ తర్వాత కాఫీ కొట్లో కూర్చుని పాచికలాడుకో."

ఆ రాత్రి బావ అన్నం ముట్టలేదు. అది చూసి మా అక్క కొంగు బిగించింది. గుర్రానికి కట్టినట్టు కళ్ళకు అటూ ఇటూ తోలు రెక్కలున్న టోపీ ఒకటి కుట్టింది. అది చాలదనిపించి కెప్టెన్ ద్రోసోస్ దగ్గరకే వెళ్ళింది. నేనూ వెంట వెళ్ళాను.

"బాబూ, ఆదివారం పొద్దున మీ సైన్యాన్ని కాస్త దాచాలి," అంది.

"ఎవరి నుంచమ్మా?"

"మా ఆయన నుంచి."

కెప్టెన్ కాసేపు పైకప్పు వంక చూశాడు. "అమ్మా, మేము శత్రువు నుంచి కూడా దాక్కోం."

"శత్రువు మీకు దణ్ణం పెట్టడానికి ఆగడు కదా బాబూ."

అతను నవ్వలేదు గానీ, "ఇగ్నాతిస్ బాబాయ్ కోసం ఆ మాత్రం చేస్తాం లెండి," అన్నాడు.

ఆదివారం వచ్చింది. బావ గుర్రం టోపీ పెట్టుకుని పరుగు మొదలెట్టాడు. వెనక లారీలో నేనూ, వ్లాసిస్సూ. మా దీవి చరిత్రలో సైన్యం అంత క్రమశిక్షణతో దాక్కోవడం అదే మొదలు అయ్యుంటుంది. అంజూరు చెట్టు కింద నాలుగు బూట్లు కనిపించాయి. రాతి గోడ వెనక నుంచి ఒక హెల్మెట్టు లేచి మళ్ళీ మునిగింది. మేకల దొడ్డిలో ఒకడు నాలుగు కాళ్ళ మీద నిలబడ్డాడు. మేకలే వాణ్ణి నమ్మలేదు.

బావ మాత్రం బెంగపడ్డాడు. దారి ఖాళీ అయ్యేకొద్దీ ముఖం వాడిపోయింది. "మరదలా, మన కుర్రాళ్ళేరి?" అని అరిచాడు.

"సెలవిచ్చారట."

"అందరికీ ఒకేసారా? దీవిని ఎవరు కాస్తున్నట్టు?"

"నువ్వు పరుగెత్తు బావా. ఈ పూటకి మేకలు కాస్తాయి."

పరుగెత్తాడు. కొండ ఎక్కాడు, దిగాడు. మాకూ అతనికీ మధ్య బోలెడంత దారి. వ్లాసిస్ కూడా స్టీరింగు మీద తాళం వేయడం మొదలెట్టాడు. ఈసారి మా బావ చేరతాడు అనుకున్నాను.

ఇక రేవు కనిపిస్తుందనగా మందుగుండు గిడ్డంగి గేటు వచ్చింది. అక్కడ కాపలా జవాను నిలబడి ఉన్నాడు. గేటు కాపలావాడు చచ్చినా చోటు కదలకూడదు కాబట్టి అతన్ని దాచడం కెప్టెన్ వల్ల కూడా కాలేదు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. ముందురోజు ఓడలోనే దిగినవాడు. కళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. ఆ కళ్ళు చూడటానికి బావకు గుర్రం టోపీ అడ్డం రాలేదు.

ఆగిపోయాడు. టోపీ తీశాడు. గుండెకు ఆనించుకున్నాడు.

"అయిపోయింది," అన్నాడు వ్లాసిస్.

"నెమ్మదిగా పోనీరా."

"రూలు రూలే మిర్సిని అక్కా. నిరుడు మా మావనే ఎక్కించుకున్నాను."

బావ ఆ కుర్రాడి చెవి దగ్గరకు వంగాడు. కాపలా మీద ఉన్నవాడు మాట్లాడకూడదు కదా, ఆ పిల్లాడు పెదాలు కదపకుండా పళ్ళ సందుల్లోంచి ఏదో చెప్పాడు. బావ మళ్ళీ అడిగాడు. వాడు మళ్ళీ చెప్పాడు. నేను కిటికీలోంచి సగం బయటికి వచ్చి కేకలు పెడుతూనే ఉన్నాను. లారీ బంపరు పిక్కలకు తగులుతుందనగా బావ కదిలాడు. అప్పటికే మోకాలు బిగుసుకుపోయింది. కుంటుతూ, పైగా ఏవో అంకెలు వల్లిస్తూ పోతున్నాడు. ఎండదెబ్బ తగిలిందనుకున్నాను.

ఇంకో క్షణంలో లారీ దాటేదే. ఇంతలో పక్కన ఆలివ్ తోపులోంచి సైన్యం ట్రక్కు ఒకటి వచ్చి, మాకూ బావకూ మధ్య రోడ్డుకు అడ్డంగా ఆగిపోయింది. కెప్టెన్ ద్రోసోస్ దిగి బానెట్టు ఎత్తాడు. "ఇంజను పోయింది," అన్నాడు మాతో, ఎంతో విచారంగా. ఆ ఇంజను ఇంకా గురగురమంటూనే ఉంది.

గోడల వెనకనుంచి, చెట్ల మీదనుంచి జవాన్లు బిలబిలా వచ్చి ట్రక్కును తోయడం మొదలెట్టారు. సగం మంది ముందు నుంచి, సగం మంది వెనక నుంచి. అందరూ చెమటలు కక్కుతున్నారు. ట్రక్కు అంగుళం కదల్లేదు.

వ్లాసిస్ కాసేపు చూసి, ఇంజను ఆపి, సిగరెట్ వెలిగించాడు. "దాటితేనే రూలు," అన్నాడు. "దాటడానికి దారి లేదుగా."

నేను లారీ దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని బావ వెనక పరుగెత్తాను. "బావా, నీళ్ళు తాగు," అన్నాను. "మాట్లాడించకు," అని మళ్ళీ అంకెల్లో పడ్డాడు. "నాలుగు, ఆరు, ఏడు..."

రేవులో జనం ఇళ్ళకు పోకుండా నిలబడే ఉన్నారు. మా అక్క దగ్గరుండి రిబ్బను మళ్ళీ కట్టించింది. మేయరు పతకం పట్టుకుని ముందుకొచ్చాడు. బావ రిబ్బనులోకి దూసుకుపోయాడు. ఆగలేదు. మేయర్ని దాటాడు, పతకాన్ని దాటాడు, చేతులు చాచిన సొంత పెళ్ళాన్ని దాటాడు. ఆగాల్సిన చోట మా బావ ఆగకపోవడం నేను చూడటం అదే మొదటిసారి. తిన్నగా రేవు గోడ దగ్గరున్న ఫోను బూత్‌లోకి వెళ్ళాడు. అవి ఇంకా సెల్ ఫోన్లు లేని రోజులు.

"మతి పోయిందే," అంది మా అక్క.

"పోలేదు," అంది పక్కనే సిగరెట్లు, పేపర్లు అమ్మే ఆవిడ. "ప్రతి ఆదివారం పొద్దుగూకేదాకా ఇంతే. కుర్రాళ్ళ దగ్గర నంబర్లు కనుక్కుని వాళ్ళ అమ్మలకు ఫోన్లు చేస్తాడు. మీకు తెలుసనుకున్నానే."

మేమిద్దరం బూత్ దగ్గరకు వెళ్ళాం. బావ ఒక చేత్తో గోడ పట్టుకుని, ఇంకో చేత్తో రిసీవరు పట్టుకుని రొప్పుతున్నాడు.

"కస్తోరియాలో దొమ్నా గారేనా అమ్మా? మీరు నన్నెరగరు. మీ అర్గిరిస్‌ని ఇప్పుడే చూసొస్తున్నాను... లేదు లేదు, వాడికేం కాలేదు. రాయిలా నిలబడ్డాడు. బాగున్నానని వాడు చెప్తే మీరు నమ్మరు కదా, మా అమ్మా నా మాట నమ్మేది కాదు. అందుకని కళ్ళారా చూసినవాణ్ణి చెప్తున్నాను... ఆఁ, తింటున్నాడు. కాస్త ఒళ్ళు కూడా చేశాడు."

అవతల ఆవిడేదో అంది.

"నిన్ననే దిగాడా?" బావ ఒక్క క్షణం తడుముకున్నాడు. "మా దీవి గాలి అలాంటిదమ్మా. ఇక దిగులు పెట్టుకోకండి. వాడున్నాడని నేను ఈ రాత్రి హాయిగా నిద్రపోతాను. మీరు కూడా పడుకోండి."

ఫోను పెట్టేసి ఇటు తిరిగాడు. మా అక్క నా చేతిలోని మంచినీళ్ళ సీసా అందుకుని మూత తీసి ఇచ్చింది. నాకు ఆ మనిషి కాళ్ళు మొక్కాలనిపించింది గానీ మరదలు పరువు అడ్డొచ్చింది. బావ గటగటా తాగి, అప్పుడు గుర్తొచ్చినట్టు భయంభయంగా నా వంక చూశాడు.

"మరదలా, ఆ నంబరు మర్చిపోతానేమోనన్న కంగారులో ఏమీ గమనించలేదు. ఇంతకీ నేను చేరానా?"

నేను అతని నడుము చూపించాను. రిబ్బను ఇంకా చుట్టుకునే ఉంది. దాని రెండో కొస బూత్ తలుపులోంచి, రేవు పొడుగునా, మేయరు గారి కాళ్ళ దాకా పరుచుకుని ఉంది.