పందిపిల్లల నొప్పి రాసిన మేడమ్

మొన్న మంగళవారం పొద్దున అమీర్‌పేట స్టేషన్‌లో రైలు మారుతుంటే ఫోన్ మోగింది. మా మేడమ్ పోయారని వాళ్ళ చెల్లెలు చెప్పింది. పంజాగుట్ట ఆసుపత్రిలో, తెల్లారేసరికి. నేను జనంలోంచి పక్కకు జరిగి గోడకు ఆనుకున్నాను.

కాసేపటికే మా కంపెనీ వాట్సాప్ గ్రూపులో పెద్దసారు సంతాపం పెట్టాడు. "మూగజీవాల కోసం బతికిన మహాతల్లి" అని. కింద అందరూ దండాలు పెట్టారు. నేను పెట్టలేకపోయాను. ఆ మహాతల్లి రాసిన పేజీలను తీసేయించింది ఆ సారే. వాటి బదులు పెట్టిన కాగితం మీద సంతకం నాది. అందుకే ఇది రాస్తున్నాను.

మేడమ్ పశువైద్య కాలేజీలో నాకు పాఠం చెప్పారు. నేను మగ్గాల ఊరి నుంచి వచ్చినదాన్ని. ఇంగ్లిషు పుస్తకం చూసి బెదిరిపోతే, సాయంత్రాలు కూర్చోబెట్టి అదే పాఠం తెలుగులో చెప్పేవారు. ఈ ఉద్యోగం ఆమె పెట్టిన భిక్షే. రిటైరయ్యాక అమీర్‌పేటలో హాస్టళ్ళ సందులో, మూడో అంతస్తులో ఉండేవారు. కోస్తా వైపు మనిషి. వాచ్‌మన్‌ని కూడా 'మీరు' అనే పిలిచేవారు. నేను డాక్టరుగా పనిచేసే మా కంపెనీ పందుల ఫారానికి సలహా చెప్పడానికి రమ్మని నేనే అడిగాను. వారానికోసారి జీపులో ఊరి బయటికి పోయేవాళ్ళం. సంగతి తెలిసి అపార్ట్‌మెంటు వాళ్ళు, ఫారం బూట్లతో లిఫ్టు ఎక్కొద్దన్నారు. ఆమె బూట్లు చేత్తో పట్టుకుని మెట్లెక్కేవారు, ఆ మోకాళ్ళ నొప్పులతోనే.

పందిపిల్లలు పుట్టిన కొద్ది రోజుల్లోనే వాటికి ఏమేం చేస్తారో చాలామందికి తెలీదు. కోరపళ్ళు కత్తిరిస్తారు. తోక కత్తిరిస్తారు. గుర్తు కోసం చెవికి గంటు పెడతారు. మగపిల్లల వృషణాలు కోసి తీసేస్తారు. మా ఫారంలో వెనక కాళ్ళు పట్టి తలకిందులుగా ఎత్తి, వరసపెట్టి కానిచ్చేవాళ్ళం. మత్తు లేదు, నొప్పికి మందు లేదు. దాన్ని మామూలు పని అనేవాళ్ళం. ఉద్యోగంలో చేరాక నేనూ అలాగే చేశాను.

మొదటి రోజు మేడమ్ అంతా చూశారు. పని అయ్యాక బకెట్ బోర్లించుకుని పిల్లల్ని ఉంచిన అర ముందు కూర్చున్నారు. గడియారం చూసుకుంటూ రాయడం మొదలుపెట్టారు. ఏ పిల్ల వణుకుతోంది, ఏది వెనక భాగాన్ని నేలకేసి రాస్తోంది, ఏది తక్కినవాటిని వదిలి విడిగా పడుకుంది. అన్నం డబ్బా తెరవకుండా సాయంత్రం దాకా అదే పని. నన్నూ పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"అరిచేదాని సంగతి అందరికీ తెలుస్తుందమ్మా. అరవడం మానేసినదాన్ని చూడు," అన్నారు.

తర్వాతి వారం, కోసే చోట నొప్పి తెలియకుండా ముందే సూదిమందు ఇచ్చి, అది పనిచేసేదాకా ఆగమన్నారు. ఫారం నడిపే మేనేజరన్నకు కోపం వచ్చింది.

"మేడమ్, గిట్ల ఒక్కొక్కదానికి సూదిచ్చి ఆగుకుంట కూసుంటే నా పని ఎప్పుడైతది?"

"మీ పన్ను పీకేటప్పుడు డాక్టరుగారు సూది ఇవ్వకుండా పీకితే ఊరుకుంటారా బాబూ?"

"నేను మనిషిని గద మేడమ్."

"నిజమే. ఆ తేడా దానికి తెలీదుగా."

మూడు నెలలు చూసి రిపోర్టు రాశారు. సూది లేకుండా కోయకూడదని, అవసరం లేనప్పుడు పళ్ళూ తోకలూ ముట్టుకోవద్దని, అన్ని పనులూ ఒకే రోజు పెట్టుకోవద్దని. పంజాగుట్టలోని మా కంపెనీ ఆఫీసులో, కిటికీలోంచి ఫ్లైఓవర్ కనిపించే గదిలో, పెద్దసారు ఆ పేజీలు తిప్పాడు.

"గిది బయటికి పోతే మనం హింస చేస్తున్నమని మనమే ఒప్పుకున్నట్టయితది," అన్నాడు. నా వైపు తిరిగాడు. "ఫారం డాక్టరువు నువ్వే గదమ్మా. నీకేమన్న కనిపించిందా?"

మేడమ్ నా పక్క కుర్చీలోనే ఉన్నారు.

"అంత పెద్దగ ఏం లేదు సార్," అన్నాను.

మర్నాడు, 'పిల్లల్లో చెప్పుకోదగ్గ ఒత్తిడి కనిపించలేదు' అన్న వాక్యం కింద సంతకం పెట్టాను. మేడమ్‌ని ఇక రావద్దన్నారు.

ముందురోజు ఆ మీటింగు నుంచి కిందికి దిగుతూ ఆమె ఒక్క మాటే అడిగారు. "నువ్వూ నా పక్కన కూర్చుని చూశావు కదమ్మా?" తిట్టినా బాగుండేది.

తర్వాత కూడా అప్పుడప్పుడూ ఫోన్ చేసేవారు. నా ఆరోగ్యం, మా అమ్మ ఆరోగ్యం అడిగి, చివర్లో, "ఇప్పుడు సూది ఇస్తున్నారా?" అనేవారు. "ఇస్తున్నం మేడమ్," అనేదాన్ని. మొదటిసారి భయంతో చెప్పాను. తర్వాత అలవాటైపోయింది.

ఆసుపత్రిలో చివరిసారి చూసినప్పుడూ అడిగారు. ఈసారి నిజం చెప్పాలనే వెళ్ళాను. అయినా మళ్ళీ "ఇస్తున్నం," అన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకున్నారు. "నా వల్ల కానిది నువ్వు చేయించావమ్మా," అన్నారు. ఆ మెప్పును తీసుకుని, తలుపు దగ్గరగా వేసి, ఇంటికొచ్చేశాను.

గురువారం ఫారానికి వెళ్ళాను. ఆ రోజు కొత్త పిల్లల వంతు. ముందు ఫోన్ తీసి, నేను సంతకం పెట్టిన వాక్యం అబద్ధమని పెద్దసారుకు రాసి పంపాను. జవాబు రాలేదు. సూది లేకుండా కోయనని మేనేజరన్నకు చెప్పాను.

"మేడమ్ పోయిన బాధల ఉన్నవ్ డాక్టరమ్మా. జర కూసో," అన్నాడు. నిజంగా జాలిపడే అన్నాడు. తర్వాత ఇంకొకాయన్ని పిలిచి కోయించాడు. మధ్యాహ్నానికల్లా అయిపోయింది.

పిల్లల్ని తెచ్చి తల్లి దగ్గర వదిలారు. పాలివ్వాలంటే తల్లి పక్కకు ఒరిగి పడుకోవాలి. అది ఒరగలేదు. అరుపులు ఆగి చాలాసేపైనా, ఇనుప కడ్డీకి మూతి ఆనించి, మనుషులు వచ్చే తలుపు వైపే చూస్తూ నిలబడింది. నేను పక్కకు జరిగితే తల నా వైపు తిప్పింది. దాని పొట్ట కింద పిల్లలు పాలు అందక వెనక కాళ్ళ మీద లేవబోతున్నాయి, పడుతున్నాయి, మళ్ళీ లేవబోతున్నాయి.