మెనిక్ పెళ్లి అన్నం

జావా దీవిలోని సొలో పట్నం సందుల్లో పసుపూ చింతపండూ కలిపిన కషాయం అమ్ముతూ తుమిని వీపున సీసాల బుట్టతో తిరుగుతుంది. గ్లాసులో పోస్తున్నప్పుడు ఆమె ఎడమచెయ్యి తనకు తెలియకుండానే నడుము దగ్గరికి వెళ్లి, అక్కడ లేని బరువును పైకి సర్దుతుంది. పిల్లల్లేని ఆమె నడుమును కరుచుకునే మెనిక్ అనే గిబ్బన్ కోతి పెరిగింది. సంతలో పంజరంలో వణుకుతుంటే చూడలేక కొనుక్కొచ్చి, తీపి టీ తాగించి, తన దువ్వెనతోనే దాని వీపు దువ్వేది. నిరుడు అటవీశాఖవాళ్లు వచ్చి, అడవికి అలవాటు చేస్తామంటే ఇచ్చేసింది. "టీలో బిస్కెట్ ముంచుకుతినే పిల్ల అడవిలో ఎలా బతుకుతుందక్కా?" అని పొరుగింటి దర్మి అన్నప్పటి నుంచీ తుమినికి అన్నం సయించలేదు.

మొన్న, కోతుల్ని అడవికి అలవాటు చేసే అటవీశాఖ శిబిరానికి వెళ్లింది. ఆమె కనబడితే కోతి బెంగపడుతుందని వెదురు తడిక వెనకే నిలబెట్టారు. కొమ్మ మీద మగకోతిని ఆనుకుని కూర్చున్న మెనిక్ గొంతెత్తి పాడుతోంది. ఇంట్లో ఉన్నన్నాళ్లూ అది ఒక్కసారీ పాడలేదు. జోడీ కుదిరాకే గొంతు విప్పిందని కాపలా మనిషి చెప్పాడు.

ఇవాళ తుమిని బుట్టలో సీసాల్లేవు. అరిటాకుల్లో పసుపన్నం కట్టి ఇంటింటికీ పంచింది.

"ఏం శుభకార్యమక్కా?" అంది దర్మి.

"మెనిక్‌కి పెళ్లయింది."

"బాగుంది. పిల్లనిచ్చిన అత్తగారిని పిలిచారా మరి?"

"తడిక చాటు నుంచి చూశాను. దేవుడి దయ, ఒక్కసారైనా ఇటు తిరగలేదు. తిను, చల్లారిపోతుంది."