మందుల బీరువా తాళం

ఇన్నేళ్లుగా నేను పెట్టుకున్న అర్జీల్లో ఒక్కదానికీ జవాబు రాలేదు. అందుకే ఇలా పత్రికలో రాస్తున్నాను. దెయ్యాలనీ మహిమలనీ నేనేనాడూ నమ్మలేదు. శవాల గది పక్కనే చీరలు ఆరేసుకున్నదాన్ని.

స్వరాజ్యం వచ్చిన కొత్తలో రాయగడలో ఒక చిన్న ఆస్పత్రిలో నర్సుగా ఉండేదాన్ని. వీధులూడ్చే వారింటి కోడలు సత్తెమ్మ తొలికాన్పుకి వచ్చింది. ముందురోజు మొదలైన నొప్పులు మర్నాటి మధ్యాహ్నానికి ఆగిపోయాయి. కాన్పు అలా బిగిస్తే ముళ్లు విప్పి, తాళాలు తీయడం వాళ్ల ఆచారం.

“ఇంట్లో పెట్టెలూ తలుపులూ అన్నీ తీసేసొచ్చేను. ఈ మందుల బీరువా ఒక్కటీ బిగిసుండిపోనాది. తీయించమ్మీ,” అంది అత్త.

నేను డాక్టరుగారిని అడిగాను.

“నువ్వు నర్సువా, మంత్రసానివా?” అని డాక్టరుగారు అందరి ముందూ నవ్వారు. ఆ నవ్వు నాకింకా గుర్తుంది. ఉన్న ఒక్క తాళంచెవినీ జేబులో వేసుకుని భోజనానికి వెళ్లిపోయారు.

నమ్మకంతో కాదు, ఆ పిల్ల భయం చూడలేక నేను చేయగలిగింది చేశాను. ఆమె కొప్పు విప్పాను. తాయెత్తు ముడి విప్పి, తాయెత్తును తలగడ కింద పెట్టాను. కిటికీ గడియ తీశాను. ఆమె చూపు మాత్రం బీరువా మీదే ఉంది.

“అది కూడా, నర్సమ్మా,” అంటూ నా రెండు చేతులూ పట్టుకుంది.

టక్కున చప్పుడైంది. ఇత్తడి తాళం నోరు తెరుచుకుని వేలాడుతోంది. బీరువా దగ్గర ఎవరూ లేరు. అత్త మంచానికి అటుపక్క కోడలి నడుము రాస్తోంది. వెంటనే నొప్పి ఎత్తుకుంది. అరగంటలో ఆడపిల్ల పుట్టింది.

అత్త ఆశ్చర్యపోలేదు. “ఆ డాకటరు బాబుకి సెప్పు, ఇంక నెమ్మదిగా తినమను,” అంది.

డాక్టరుగారు వచ్చి చూశారు. తాళం మీద గీత లేదు, బీరువాలో ఒక్క సీసా కదల్లేదు. అయినా నేను దొంగ తాళంచెవి చేయించానని నా సర్వీసు పుస్తకంలో రాశారు. ఆ ఒక్క వాక్యం వల్ల హెడ్ నర్సు పని నా వెనక చేరినవాళ్లకి పోయింది. సాక్ష్యం చెప్పడానికొచ్చిన అత్తని వరండా దాటనివ్వలేదు.

తాళం ఎలా తెరుచుకుందో నాకు నేటికీ తెలియదు. తెలియదని రాయడానికి నాకు సిగ్గు లేదు. తెలిసినట్టు రాసింది డాక్టరుగారే.

డాక్టరుగారూ, తాళంచెవి మీ జేబులో ఉంది. నా చేతులు సత్తెమ్మ చేతుల్లో ఉన్నాయి. మరి తీసిందెవరు? నా మీద ఆ మాట రాసిన చేత్తోనే జవాబు రాయండి.